తొంభై ఆరుకు జోడీ లేదు

బెల్‌ఫాస్ట్‌లో కార్ల నంబరు ప్లేట్ల మీద మూడు అక్షరాలు ఉంటాయి, వాటి పక్కన ఒక సంఖ్య. కొన్నింటి మీద రెండంకెలే, చాలావాటి మీద నాలుగు. ఆ ఊళ్లో పుష్పలీలకు దిగిన రోజునుంచే నచ్చింది ఆ నంబర్లే. వాన నచ్చడానికి ఏడాది పట్టింది. అక్కడివాళ్ల యాస అర్థం కావడానికి ఇంకో ఏడాది.

ఆఫీసు నుంచి వస్తూ బస్సు దిగాక ఇంటిదాకా కాస్త నడక. దారి పొడుగునా ఇళ్లముందు కార్లు ఆగి ఉంటాయి. బేసి సంఖ్య కనిపిస్తే వదిలేస్తుంది. సరి సంఖ్య కనిపిస్తే దాన్ని రెండు ప్రధాన సంఖ్యల కూడికగా విడగొడుతుంది. ఒకటితో, తనతో తప్ప మరి దేనితోనూ భాగించలేని సంఖ్యలవి. నలభై ఎనిమిది ఉందనుకోండి, ఐదూ నలభై మూడూ కలిపితే వస్తుంది, ఏడూ నలభై ఒకటీ కలిపినా వస్తుంది. ఇంకా ఎన్ని రకాలుగా వస్తుందో లెక్కపెట్టుకుంటూ పోతే ఇల్లు వచ్చేస్తుంది. జగిత్యాలలో బడికి నడిచి వెళ్లే రోజుల్లో లారీల వెనక నంబర్లతో మొదలైన ఆట ఇది. నలభై ఆరేళ్లు వచ్చినా వదల్లేదు.

ఆట మరీ తేలికైపోయిందనిపించినప్పుడు తనే ఒక నిబంధన పెట్టుకునేది. ప్రధాన సంఖ్యలన్నీ వద్దు, కవలలే కావాలి. పదకొండూ పదమూడూ కవలలు. పదిహేడూ పంతొమ్మిదీ కవలలు. రెండింటికీ నడుమ ఒకే ఒక్క సరి సంఖ్య ఉంటుంది. ఇరవై మూడుకు అటూ ఇటూ అలాంటి తోడు లేదు కాబట్టి అది ఆటలోకి రాదు. ఇలా కవలలతోనే సరి సంఖ్యలు కట్టడం ఆమెకు మహా ఇష్టం.

"రోడ్డు మీద నడిచేటప్పుడు మనుషులను చూడాలె లీలా. కార్లను కాదు" అనేవాడు భర్త అమరేందర్. అతను ఆసుపత్రిలో ఫార్మసిస్టు. పుష్పలీల ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్. వేరేవాళ్లు రాసిన ప్రోగ్రామ్ ఎక్కడ చెడుతుందో కనిపెట్టడం ఆమె పని. వాళ్లకు ఒక్కతే కూతురు, రిషిత. పదో క్లాసు ఈడు. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం బెల్‌ఫాస్ట్ ఇంగ్లీషులోనే వస్తుంది.

ఆ ఏడాది బతుకమ్మకు కోలాటం పెట్టాలని తెలుగు సంఘంవాళ్లు అనుకున్నారు. జగిత్యాలలో పెద్దమ్మ దగ్గర పుష్పలీల కోలాటం నేర్చుకుందని అమరేందర్ ఎక్కడో నోరు జారాడు. అంతే, ఆమెను గురువును చేసేశారు. వాట్సాప్‌లో అడిగితే పద్నాలుగు మంది ఆడవాళ్లు పేర్లిచ్చారు. ఆమెతో కలిపి పదిహేను. ఒక చర్చి హాలు బుధవారం సాయంత్రాలకు అద్దెకు దొరికింది. దాని బాగోగులు చూసే మోరీన్ అనే పెద్దావిడ, వచ్చినవాళ్లందరికీ అడక్కుండానే టీ పెట్టేది. కర్రలు దొరక్కపోతే అమరేందర్ చీపురు కర్రలు కొనుక్కొచ్చి రంపంతో కోసి, రంగు రిబ్బన్లు చుట్టి ఇచ్చాడు.

మొదటి బుధవారమే అంతా అడ్డం తిరిగింది. కోలాటానికి జోడీలు కావాలి. పదిహేను మందిని జోడీలు చేస్తే ఒకరు మిగిలిపోతారు. మిగలడానికి ఎవరూ ఒప్పుకోలేదు. పైగా ఎవరి స్నేహితురాలి పక్కన వాళ్లే నిలబడతామన్నారు. గోదావరి జిల్లాలవాళ్లు ఒకవైపు, తెలంగాణవాళ్లు ఒకవైపు. వీటన్నిటికంటే పెద్ద చిక్కు బాలమణి, బిందుమాధవి. బాలమణిది సిద్దిపేట, బిందుమాధవిది భీమవరం. ఇద్దరి ఇళ్లూ ఒకే వీధిలో. జనవరిలో ఒక విందుకు బాలమణి సకినాలు చేసి తెస్తే, "చూస్తే కొన్నవాటిలా ఉన్నాయండీ" అని బిందుమాధవి ఎవరితోనో అందట. ఆ మాట మర్నాటికి బాలమణి చెవిన పడింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

"ఆమె పక్కన నన్ను నిలబెడితే నేను ఇంటికి పోత లీలా, ముందే చెప్తున్న" అంది బాలమణి.

"నేనేమైనా అడిగానా అండీ ఆవిడ పక్కన నిలబెట్టమని!" అంది బిందుమాధవి, ఎదురుగా ఉన్న గోడతో.

ఇంటికి వెళ్తూ పుష్పలీల మనసు బాగా చిన్నబుచ్చుకుంది. తలెత్తకుండా నడుస్తోంది. అలవాటు చొప్పున కళ్లు మాత్రం నంబర్ల మీదికి పోతున్నాయి. మూల మీద ఒక పాత కారు. దాని మీద అరవై. కవలలతో అరవై ఎన్ని రకాలుగా వస్తుంది? పదిహేడూ నలభై మూడూ. పంతొమ్మిదీ నలభై ఒకటీ. ఇరవై తొమ్మిదీ ముప్ఫై ఒకటీ. మూడు రకాలు. అక్కడే ఆగిపోయింది. వంద లోపల కవలలు ఎన్ని? మూడు, ఐదు, ఏడు నుంచి డెబ్బై ఒకటి, డెబ్బై మూడు దాకా వేళ్ల మీద లెక్కపెట్టింది. పదిహేను! చినుకులు పడుతున్న సంగతి కూడా మరిచిపోయి ఆ కారు పక్కన నిలబడి నవ్వుకుంటూ ఉంటే, ఆ ఇంటాయన కిటికీలోంచి ఆమెను అనుమానంగా చూశాడు.

తర్వాతి బుధవారం పదిహేను అట్టముక్కలు తెచ్చింది. ఒక్కో అట్ట మీద ఒక్కో సంఖ్య. అవి అందరి మెడల్లో వేసింది.

"ఇగ ఎవరికి ఎవరూ జోడీ కాదు. అందరూ వలయంగ తిరుగుతుంటరు. అమర్ మైకుల ఒక సంఖ్య చెప్తడు. మీ సంఖ్యకు ఎవరిని కలిపితే అది వస్తదో చూసుకొని, ఆ ఇద్దరూ నడుమకు వచ్చి కోలలు కొట్టాలె. దెబ్బకు ఒక జోడీ. మిగిలినోళ్లు ఉన్నకాడనే చప్పట్లు. మళ్ల తిరుగుడే."

"అంటే ఒకసారి ఈవిడతో, ఇంకోసారి ఆవిడతోనా?" అని అడిగింది బిందుమాధవి.

"అంతే. అరవైకి నలభై ఒకటి పోయి పంతొమ్మిదిని కలుస్తది. నలభై ఎనిమిదికి ఏడును కలుస్తది."

బిందుమాధవి తన మెడలో నలభై ఒకటి చూసుకుంది. బాలమణికి నలభై మూడు వచ్చింది. ఆ ఇద్దరూ కలిసేది ఎనభై నాలుగుకు మాత్రమే. ఆ సంఖ్యను ఛస్తే పిలవొద్దని పుష్పలీల భర్తకు ముందే చెప్పి పెట్టింది.

మొదట్లో అంతా గందరగోళమే. ఒకరినొకరు గుద్దుకున్నారు. డెబ్బై రెండుకు ముప్ఫై ఒకటి వచ్చి ఇరవై తొమ్మిది ముందు నిలబడి కోల ఎత్తింది. కానీ రెండు వారాలకు ఒళ్లు పట్టింది. హాల్లో సంఖ్య చెప్పగానే టక్, టక్, టక్ అని వినబడటం మొదలైంది. అరవై అంటే మూడు టక్కులు. నలభై ఎనిమిది అంటే నాలుగు. పుష్పలీల ఇన్నేళ్లూ నోట్లోనే లెక్కపెట్టుకున్నది చెవులకు వినబడుతోంది. మొదటిసారి నాలుగు దెబ్బలూ తప్పకుండా పడ్డప్పుడు ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆరో ఎక్కంలోని సంఖ్యలకే టక్కులు బాగా పడతాయని కూడా ఆమె చెప్పింది. ఏ కవలలను తీసుకున్నా, ఆ మొదటి మూడూ ఐదూ తప్ప, నడుమ ఉండేది ఆరో ఎక్కమే. అందుకే మైకులో పిలవడానికి అమరేందర్‌కు అన్నీ అవే ఇచ్చింది. దానితో వలయంలోని రుచిత అనే ఆమెకు కోపం వచ్చింది. ఆమెది మూడో నంబరు.

"మూడు వారాల నుంచి చప్పట్లు కొడుతున్నా అక్కా. నన్నొక్కసారి కూడా పిలవలేదు."

పుష్పలీల నాలుక కరుచుకుంది. నిజమే, మూడు దేనితో కలిసినా ఆరో ఎక్కం రాదు. ఆమె కోసం డెబ్బై నాలుగు చేర్చింది. ఆ సంఖ్య పిలిచినప్పుడల్లా రుచిత డెబ్బై ఒకటి దగ్గరికి పరుగెత్తుకుంటూ వెళ్లేది.

పుష్పలీల తన కూతురు రిషితను కూడా రమ్మంది. "నో వే అమ్మా. మెడలో నంబరేసుకొని డ్యాన్సా? సో ఎంబరాసింగ్" అని, పండుగ రోజు సమోసాల బల్ల దగ్గర నిలబడతానని మాత్రం ఒప్పుకుంది.

అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం బతుకమ్మ. తంగేడూ గునుగూ ఆ దేశంలో ఎక్కడినుంచి వస్తాయి! చామంతులు, బంతులు కొన్నారు. ఇళ్లముందు పూసిన హైడ్రేంజియాలు కోసుకొచ్చారు. ఆ నీలం పూలతో పేర్చిన బతుకమ్మలు చూడటానికి కొత్తగా, ముచ్చటగా ఉన్నాయి. చర్చి హాలు పట్టనంత మంది వచ్చారు. మోరీన్ ఎవరో కట్టిపెట్టిన చీరలో అటూ ఇటూ తిరుగుతోంది. గోడవారన కుర్చీలో ఆకుపచ్చ చున్నీ వేసుకున్న ఒక అమ్మాయి ఒక్కతే కూర్చుని తింటోంది. పేరు మానస, నంద్యాల పిల్ల. చదువుకోవడానికి వచ్చి నెల రోజులు కూడా కాలేదు. ఎవరూ తెలియదు. పోస్టరు చూసి వచ్చింది.

డప్పు పాట మొదలైంది. పదిహేను మందీ వలయంగా తిరుగుతున్నారు. అమరేందర్ మైకు పట్టుకుని, "ఇరవై నాలుగు!" అన్నాడు. టక్, టక్, టక్. చూసేవాళ్లకు మొదట అర్థం కాలేదు. నలభై ఎనిమిది అన్నాక అర్థమైంది. అరవైకి పిల్లలు ముందే జవాబులు అరవడం మొదలుపెట్టారు. డెబ్బై నాలుగుకు రుచిత పరుగు చూసి జనం ఈలలు వేశారు. ఈలలు వినేసరికి అమరేందర్‌కు ఊపు వచ్చింది. చేతిలో భార్య రాసిచ్చిన కాగితం ఉందన్న సంగతే మరిచిపోయాడు. డెబ్బై రెండు, డెబ్బై ఎనిమిది అని ఆరారు పెంచుకుంటూ పోయి, "ఎనభై నాలుగు!" అని అరిచాడు.

పుష్పలీల కోలలతోనే వద్దు వద్దని సైగ చేసింది, అతను చూడలేదు.

పదకొండూ డెబ్బై మూడూ కొట్టారు. పదమూడు పుష్పలీలదే, ఆమె డెబ్బై ఒకటితో కొట్టింది. ఇక మిగిలింది ఒకే జోడీ. బాలమణి, బిందుమాధవి ఎదురెదురుగా నిలబడ్డారు. డప్పు ఆగదు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తొమ్మిది నెలల కోపమంతా చేతుల్లోకి తెచ్చుకుని కోలలు ఎత్తి కొట్టారు. ఆ దెబ్బకు బాలమణి కోల ఒకటి ఫటేలున విరిగి, సగం ముక్క గాల్లో తిరుగుతూ వెళ్లి పులిహోర గిన్నెలో నిటారుగా దిగబడింది.

బిందుమాధవి ఆ గిన్నె వైపు, తర్వాత బాలమణి చేతుల వైపు చూసింది.

"అమ్మో, ఏం చేతి బలం అండీ! ఆ సకినాలు మీరే చుట్టారని ఇప్పుడు నమ్ముతున్నానండీ" అంది.

ముందు నవ్వింది బాలమణే. ఆపుకోలేక నడుం పట్టుకుని వంగిపోయింది. ఆమె భుజం పట్టుకుని బిందుమాధవి కూడా నవ్వసాగింది. చివరికి వాళ్లిద్దరినీ వెనక్కి లాక్కెళ్లి వలయంలో నిలబెట్టాల్సి వచ్చింది.

తొంభైకి నాలుగు టక్కులు పడ్డాయి. ఆట అక్కడితో అయిపోవాలి. కానీ జనం వదల్లేదు. "ఇంకోటి! ఇంకోటి!" అని ఒకటే గోల. అమరేందర్ తొంభైకి ఆరు కలిపి, హుషారుగా, "తొంభై ఆరు!" అన్నాడు.

అందరూ కోలలు ఎత్తారు. ఎవరూ నడుమకు రాలేదు.

డప్పు మోగుతూనే ఉంది. ఎత్తిన కోలలు ఎత్తినట్టే ఉన్నాయి. "యాభై ఐదు ఎవరండీ? నాకు యాభై ఐదు కావాలి" అంటోంది బిందుమాధవి. "నాకు యాభై మూడు కావాలె, యాభై మూడేది?" అంటోంది బాలమణి. పుష్పలీల తొంభై ఆరులోంచి తన పదమూడును తీసేసి చూసింది. ఎనభై మూడు. ఎనభై మూడు వలయంలో లేదు. పక్కవాళ్ల సంఖ్యలు కూడా గబగబా తీసేసి చూసింది. పదిహేడుకు డెబ్బై తొమ్మిది కావాలి, అదీ లేదు. ఏడుకు ఎనభై తొమ్మిది కావాలి, అదీ లేదు. తొంభై దాకా అన్నీ సరిచూసి, ఇక అన్నీ ఇలాగే వస్తాయిలే అనుకుని వదిలేసింది తను. రోజూ చేసే ఉద్యోగం పరీక్షించడమే, ఇక్కడ మాత్రం ఒక్క మెట్టు ముందే ఆపేసింది. రెండు వందల మంది కళ్ల ముందు, ఈ పదిహేను మందిలో జోడీయే లేని సంఖ్య ఒకటి బయటపడింది.

సిగ్గుపడాల్సింది. కానీ ఆమెకు పట్టలేనంత సంతోషం వచ్చింది. చిన్నప్పటినుంచి ఆడుతున్న ఆట, ఇన్నేళ్లకు ఆమెకు తెలియని సంగతి ఒకటి చెప్పింది. తొంభై ఆరుకు కావలసిన సంఖ్యలేవో కూడా ఆ క్షణంలోనే కనబడ్డాయి. ఎనభై మూడూ ప్రధాన సంఖ్యే. డెబ్బై తొమ్మిదీ అంతే, యాభై మూడూ అంతే. కవలలు కావని తనే వాటిని వలయంలోకి రానివ్వలేదు.

వెళ్లి భర్త చేతిలో మైకు లాక్కుంది.

"ఎవరూ తప్పు చెయ్యలే! ఈ తొంభై ఆరుకు మా దాంట్ల జోడీలు లేవు. తోడు ఉన్న సంఖ్యలకే నేను అట్టలిచ్చిన. ఒంటరి సంఖ్యలన్నీ ఆ కుర్చీలల్ల కూసున్నయ్. రావాలె అందరూ! నాకు ఎనభై మూడు కావాలె. ఎవరు ఎనభై మూడు?"

ఎవరూ కదల్లేదు. ఇంతలో సమోసాల బల్ల వెనకనుంచి, "మమ్! అయామ్ ఎయిటీ త్రీ!" అని కేక వినబడింది. రిషిత చేతిలోని పట్టకారుతోనే జనాన్ని తోసుకుంటూ వచ్చి తల్లి ముందు నిలబడింది. టక్!

ఇక ఆగలేదు. "ఏయ్, ఆ పచ్చ చున్నీ పిల్లా! నువ్వే యాభై మూడు, దా!" అని బాలమణి పిలిచింది.

"నాకు రాదు ఆంటీ. కర్ర గూడా లేదు" అంది మానస.

"నాకు గూడ ఒక్కటే ఉన్నది. గరిటె తీసుకొని రా!"

మానస పప్పు గరిటె తీసుకుని వచ్చింది. ఏడో నంబరు కోసం మోరీన్ ఎనభై తొమ్మిది అయి, రెండు టీ చెంచాలతో దిగింది. మిగిలిన నాలుగింటికీ మగవాళ్లు ప్లేట్లు కింద పెట్టి, చేతికి ఏది దొరికితే అది పట్టుకుని లేచారు. అమరేందర్ గొంతు చించుకుని లెక్కపెట్టాడు. "ఒకటి! రెండు!" ఏడు టక్కులు పడ్డాయి. ఆ సాయంత్రం అంతవరకు ఏ సంఖ్యకూ నాలుగుకు మించి పడలేదు. ఆ ఏడు జోడీల్లోనూ ఒకరు వలయంలోవాళ్లు, ఒకరు కుర్చీలోంచి లేచి వచ్చినవాళ్లు. అది చూసి పుష్పలీల కూతురి చెయ్యి పట్టుకుని అక్కడే గిర్రున తిరిగింది. ఈసారి రిషిత సిగ్గుపడలేదు.

మర్నాడు ఆదివారం. పొద్దున టీ తాగుతూ అమరేందర్ భార్యను ఆటపట్టించాడు.

"టెస్టర్ మేడం తొంభై కాడనే టెస్టింగు ఆపేసిందట. మీ మేనేజరుకు చెప్పాల్నా?"

"చెప్పుకో పో. నువ్వు కాగితం చూడకపోవుడు మంచిదైంది" అంది ఆమె.

ఆ మధ్యాహ్నం రిషిత తనంతట తానే లాప్‌టాప్ తెచ్చుకుని తల్లి పక్కన సోఫాలో కూర్చుంది. బడిలో ప్రోగ్రామింగ్ నేర్పుతున్నారు. కవలలతో రాని సరి సంఖ్యలన్నీ వెతికే చిన్న ప్రోగ్రామ్ రాసింది. రెండూ నాలుగూ మరీ చిన్నవి, అవి ఎలాగూ రావు. వాటిని వదిలేస్తే, తొంభై ఆరుకు అటూ ఇటూ తొంభై నాలుగు, తొంభై ఎనిమిది కూడా రావని తేలింది. ఆ తర్వాత చాలాదూరం ఏమీ లేదు. నాలుగు వందల దగ్గర మళ్లీ మూడు, నాలుగు వందలు, నాలుగు వందల రెండు, నాలుగు వందల నాలుగు.

"దే కమ్ ఇన్ త్రీస్, అమ్మా! లుక్!"

ఎప్పుడు వచ్చినా ముగ్గురు ముగ్గురుగానే వచ్చారు. చివరి ముగ్గురూ నాలుగు వేల రెండు వందల దగ్గర కనబడ్డారు. అక్కడినుంచి లక్షల దాకా వెతికినా ఇంకొకటి దొరకలేదు. నెట్‌లో చూస్తే ఈ సంగతి లెక్కలవాళ్లకు ఎప్పటినుంచో తెలుసట. రిషిత మొహం వాడిపోయింది.

"సో వీ డిడింట్ డిస్కవర్ ఎనీథింగ్."

"ఎందుకు లేదు? మనం హాలు నిండ మనుషులను పెట్టి కనిపెట్టినం. ఇంకోటి చూడు, ఇగ ముందు ఎన్నడూ రావని ఎవరన్న రుజువు చేసిండ్రా?"

రిషిత చాలాసేపు చదివింది. "నో. నోబడీ నోస్."

"ఎవరికీ తెల్వదా?" అన్నాడు వంటింట్లోంచి అమరేందర్.

"ఎవరికీ తెల్వదు" అంది పుష్పలీల, పండుగ సరుకులో ఇంకా ఏదో మిగిలి ఉందని విన్నదానిలా.

పండుగ అయిపోయినా బుధవారాలు ఆగలేదు. మానస తన క్లాసులోనివాళ్లు ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. మోరీన్ తన చెల్లెల్ని తెచ్చింది. రిషిత హోమ్‌వర్క్ తెచ్చుకుని మూల కూర్చుంటానని వచ్చి, అరగంటకే పుస్తకాలు మూసేసింది. కొత్తవాళ్లకు సంఖ్యలు చాలక పుష్పలీల వంద దాటి నూట ఒకటి, నూట మూడు, నూట ఏడు, నూట తొమ్మిది, నూట ముప్ఫై ఏడు, నూట ముప్ఫై తొమ్మిది అట్టలు కూడా రాసింది. అప్పుడు వలయం హాలు గోడలకు తగలడం మొదలుపెట్టింది.

"జస్ట్ గివ్ మీ అ వీ మినిట్" అని, ఒక్క నిమిషం ఆగమన్నట్టు వేలు చూపించి మోరీన్ వెనక్కి వెళ్లింది. ఆ హాలుకూ పక్క హాలుకూ నడుమ మడత తలుపులు ఉన్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అవి తెరిచి ఎన్నాళ్లైందో, బిగుసుకుపోయాయి. బాలమణి ఒకవైపు, బిందుమాధవి ఒకవైపు పట్టుకుని లాగారు. అవి కీచుమంటూ వెనక్కి జరిగాయి. అవతల అంతే పెద్ద గది, ఖాళీగా ఉంది. పుష్పలీల అందరినీ రెండడుగులు వెనక్కి జరగమంది.